కచేరీలో ప్రథమ చికిత్స పెట్టె: తాళపుచెవి ఎవరి వద్ద?

నూలు ధరల గురించి, రంగుల గురించి, అచ్చుల గురించి ఈ పుటలలో చదువుట మన సభ్యులకు అలవాటు. ఈ మాసము మగ్గము విడిచి కచేరీ గడప ఎక్కుచున్నాము. అందుకు కారణము కలదు. మన ఇండ్లలోని పిల్లలందరును నేడు మగ్గము మీద లేరు. పట్టణ పంచాయతీలో నీళ్ళు వదలువారు, బిల్లులు వసూలు చేయువారు కొందరు. పార్టీ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుండువారు కొందరు. ఎన్నికలు వచ్చినచో జెండాలు కట్టుటకు, ఓటరు చీట్లు పంచుటకు, నాయకుల వెంట తిరుగుటకు పోవువారు మరికొందరు. వీరిలో ఎవరికైనను పనిలో దెబ్బ తగిలినయెడల చూడవలసినవారు ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటయే నేటి పాఠము.

కుడతినినే తీసుకొందము. బళ్ళారికి పడమట, తోరణగల్లు పోవు దారిలో, 67వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఊరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రలోనికి వచ్చినవి. బళ్ళారి తాలూకా మైసూరులో చేరినది. నాటినుండి ఈ ప్రాంతపు తెలుగు కుటుంబములకు ఇంటిలో తెలుగు, కచేరీలో కన్నడము. ఊరి దాపున కొత్తరాతి యుగపు బూడిద దిబ్బ కలదు. పశువుల పేడ పోగులు కాలగా అది ఏర్పడినదని పండితులు తేల్చిరి. నేడు అదే ఊరిలో 1,700 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రము నడుచుచున్నది. రహదారి మీద లారీల రాకపోకలకు అంతు లేదు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుట ఇక్కడ వింత కాదు. ఇట్టి చోట కచేరీ పని నీడపట్టు పని అనుకొనుట పొరపాటు. 2022 డిసెంబరులో భూములు కోల్పోయిన రైతులు కుడతినిలో ధర్నాకు కూర్చుండిరి. అది వందల దినములు సాగినది. అట్టి ధర్నా పందిరి కూడ ఒక కచేరీయే. అక్కడను మనుషులు ఎండలో, దుమ్ములో, వేళ తప్పిన తిండితో పని చేయుదురు.

మేము కళ్ళార చూచిన ఒక సంగతి చెప్పెదము. ఊరి పేరు, పార్టీ పేరు వద్దు. కొన్ని ఎన్నికల క్రిందట ఈ ప్రాంతములోనే ఒక ఎన్నికల ఆఫీసులో రేకు బోర్డు నిలబెట్టుచుండగా, మన నేతవారి కుర్రవాని అరచేయి రేకు అంచున తెగినది. నెత్తురు ధారగా కారినది. గోడకు ప్రథమ చికిత్స పెట్టె వ్రేలాడుచునే ఉన్నది, ఎర్ర ప్లస్ గుర్తుతో సహా. దానికి తాళము. తాళపుచెవి కోశాధికారి జేబులో. కోశాధికారి పొరుగూరి సభలో. ఒకాయన కొత్త తువ్వాలు తెచ్చి చుట్టెను. గంజి వదలని గుడ్డ కాబట్టి అది నెత్తురు పీల్చలేదు, జారిపోవుచుండెను. అప్పుడు చందా కట్టుటకు వచ్చిన ఒక పెద్దమ్మ తన పమిట చెంగు మడిచి గాయము మీద గట్టిగా అదిమి పట్టి, "చెయ్యి పైకెత్తు నాయనా, దించకు" అని ఆసుపత్రి దాక వదలక కూర్చుండెను. ఆ చేయి నిలిచినది. కాని ఆ కుర్రవాడు నాడె పట్టుటకు రెండు నెలలు పట్టినది. ఆ రెండు నెలల కూలి ఎవరు ఇచ్చిరి? ఎవరును ఇవ్వలేదు. అడిగినచో, "అతడు మా ఉద్యోగి కాడు, అభిమానముతో వచ్చినవాడు" అనిరి.

ఆ మాట అబద్ధము కాదు. చిక్కంతయు అందులోనే ఉన్నది.

యజమాని లేని చోటు

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 45వ సెక్షనులో ప్రతి 150 మంది కార్మికులకు ఒక ప్రథమ చికిత్స పెట్టెకు తక్కువ కాకుండ ఉంచవలెనని వ్రాసిరి. అంతటితో ఆగలేదు. ఆ పెట్టె ప్రథమ చికిత్సలో సర్టిఫికెట్ పొందిన ఒక బాధ్యతగల వ్యక్తి అధీనములో ఉండవలెను, ఆ వ్యక్తి పని గంటలలో ఎల్లప్పుడు అందుబాటులో ఉండవలెను అనిరి. చూడండి, చట్టము పెట్టెను మాత్రమే కాదు, మనిషిని కూడ అడిగినది. ఆ చట్టముతో పాటు మరి 12 చట్టములను కలిపి 2020లో చేసిన కొత్త కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది.

అయితే ఈ చట్టములన్నియు యజమానిని వెదకి పట్టుకొని నడుచునవి. ఇంటి గుంట మగ్గము ఫ్యాక్టరీ కాదు. అక్కడ నేయువాడే యజమాని, నేయువాడే కూలి. పార్టీ ఆఫీసు సంగతియు కొంత అట్లే ఉన్నది. పనిచోట స్త్రీల రక్షణకై 2013లో చేసిన చట్టము పార్టీలకు వర్తించునా అను ప్రశ్న కేరళ హైకోర్టు ముందుకు రాగా, పార్టీకి దాని సభ్యులకు నడుమ యజమాని–ఉద్యోగి సంబంధము లేదని 2022లో ఆ కోర్టు చెప్పినది. ఆ తీర్పులో కలుగజేసుకొనుటకు 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు నిరాకరించినది. ఆ వ్యాజ్యము ప్రథమ చికిత్సను గూర్చినది కాదు. జీతముపై పెట్టుకొనిన గుమాస్తా, డ్రైవరు సంగతి కూడ వేరు. కాని జెండా కట్టుటకు వచ్చిన కుర్రవాడు ఎవరి లెక్కలోను లేడని దీనినిబట్టి తెలియుచున్నది. కాబట్టి యజమాని లేని చోట ఆ బాధ్యతను ఒకరి పేరున మనమే వ్రాసుకొనవలెను. ఈ పాఠములో మేము చెప్పదలచిన ముఖ్య విషయము ఇదే.

ఇది చిన్న విషయమనుకొనరాదు. 2024 జూన్ 1న, లోక్‌సభ ఎన్నికల కడపటి విడతనాడు, ఉత్తరప్రదేశ్‌లో ఒక్క దినమున 33 మంది ఎన్నికల సిబ్బంది వడదెబ్బకు మరణించిరని అక్కడి ఎన్నికల ప్రధానాధికారి ప్రకటించెను. ఇండోనేషియాలో 2019 ఎన్నికల పనిలో, ఓట్ల లెక్కింపులో రాత్రింబగళ్ళు నిద్రలేక శ్రమించిన సిబ్బందిలో ఎనిమిది వందల మందికి పైగా చనిపోయిరి. చేనేత దుప్పట్లకు పేరుగన్న తమిళనాటి కరూరులో 2025 సెప్టెంబరు 27న ఒక రాజకీయ సభలో జరిగిన తొక్కిసలాట 41 ప్రాణములను బలిగొన్నది. రాజకీయపు పని నోటిపని మాత్రమే కాదు, ఒంటిపని కూడ. ఒంటిపనికి ఒంటిరక్షణ కావలెను.

పెట్టెలో ఏమి ఉండవలెను

నేతవారికి ఒక ముచ్చట. గాయమునకు వాడు గాజు గుడ్డ మన నేతయే. తమిళనాడులో రాజపాళయము దాపున ఛత్రపట్టి అను ఊరు కట్టు గుడ్డల నేతకు ప్రసిద్ధి. పడుగు, పేక పలుచగా వేసి నేసి, గంజి, జిడ్డు పోవునట్లు ఉడికించి, తెల్లబరచి, క్రిమిరహితము చేసి పొట్లము కట్టుదురు. గంజి ఉన్న నూలు నీటిని పీల్చదని మనకు ఎవరును చెప్పనక్కర లేదు. నెత్తురు సంగతియు అంతే. పొట్లము లేని సమయమున కొత్త గుడ్డ కంటె ఉతికి ఎండవేసిన పాత నూలుగుడ్డ మేలు.

పెట్టెలో ఉండవలసినవి: క్రిమిరహిత గాజు గుడ్డ పొట్లములు, చుట్టు కట్టు గుడ్డలు, దూది, అంటించు ప్లాస్టర్లు, కత్తెర, పిన్నీసులు, రబ్బరు చేతొడుగులు, సబ్బు, పోవిడోన్ అయోడిన్, ఓ.ఆర్.ఎస్. పొట్లములు, టార్చిలైటు, ఒక నోటు పుస్తకము, పెన్సిలు. మాత్రలు పోగు చేయవద్దు. ఒకరికి పడిన మాత్ర మరొకరికి పడదు. పెట్టె మీద పేరు కన్నడములో, తెలుగులో రెండింటను వ్రాయండి. వారు ప్రథమ చికిత్సె అందురు, మనము ప్రథమ చికిత్స అందుము. లిపి వేరైనను మాట ఒకటే.

ఆరు పాఠములు

మొదటిది, నెత్తురు. శుభ్రమైన గుడ్డతో గాయము మీదనే గట్టిగా అదమండి. పది నిమిషములు వదలకుండ పట్టండి; ఆగినదా లేదా అని మాటిమాటికి ఎత్తి చూడకండి. గుడ్డ తడిసినచో తీయక దానిమీద మరొకటి వేయండి. గాయములో ఏదైనను గుచ్చుకొని ఉన్నచో పెరుకవద్దు; దానికి ఇరుప్రక్కల అదిమి ఆసుపత్రికి పోవలెను. పసుపు, కాఫీ పొడి చల్లరాదు. రేకు, మేకు గాయమునకు ధనుర్వాతపు ఇంజక్షను సంగతి ఆనాడే డాక్టరు నడుగవలెను.

రెండవది, కాలుట. టీ మరగు చోట, గ్యాసు పొయ్యి చోట ఇది తరచు జరుగును. కాలిన చోట ఇరువది నిమిషములు చల్లని నీరు ధారగా పోయండి. మంచుగడ్డ పెట్టకూడదు. ఇంకు, పండ్లపొడి, నెయ్యి పూయకూడదు. ఉంగరము, గాజులు ఉబ్బుటకు ముందే తీయవలెను. బొబ్బలు చిదుపక శుభ్రమైన తడిగుడ్డ వదులుగా కప్పవలెను. సంఘపు గిడ్డంగిలో కాస్టిక్ సోడా కంటిలో చిందినను మందు నీళ్ళే: రెప్పలు విప్పి ఇరువది నిమిషములు ఆపకుండ కడుగుచు ఆసుపత్రికి చేర్చవలెను.

మూడవది, కరెంటు. బ్యానరు కట్టు ఇనుప గొట్టము తీగకు తగులుట ఎన్నికల నాళ్ళలో ఊరూర వినుచునే ఉన్నాము. పడినవానిని పట్టుకొనకండి. మొదట మెయిను స్విచ్చి ఆపండి. అది వీలుకానప్పుడు, ఇంటి కరెంటయినచో, ఎండిన కర్రతో తీగను తప్పించండి. వీధి స్తంభపు పెద్ద లైను అయినచో కర్రతో కూడ దగ్గరకు పోరాదు; కరెంటువారికి చెప్పి ఆపించిన పిమ్మటనే తాకవలెను.

నాలుగవది, వడదెబ్బ. తల తిరుగుట, వాంతి, తలనొప్పి మొదటి గుర్తులు. వెంటనే నీడకు చేర్చి, దుస్తులు వదులు చేసి, ఒక పొట్లము ఓ.ఆర్.ఎస్. ఒక లీటరు నీటిలో కలిపి కొద్దికొద్దిగా త్రాగించండి. మాట తడబడి, ఒళ్ళు నిప్పువలె కాలుచున్నచో అది ప్రాణాపాయము. ఒంటినిండ నీళ్ళు పోసి, తడిగుడ్డలు కప్పి, విసరుచు 108కి ఫోను చేయవలెను. తెలివి లేనివాని నోట నీళ్ళు పోయరాదు.

ఐదవది, గుండె. రొమ్ములో బరువు, ఎడమ చేతికో దవడకో ప్రాకు నొప్పి, చెమట – ఇవి కనబడినచో "గ్యాసు" అని సోడా త్రాగించి కూర్చుండబెట్టకండి. నడిపించక, ఆనించి కూర్చుండబెట్టి 108 పిలువండి. మనిషి పడిపోయి, పిలిచిన పలుకక, ఊపిరి సరిగా లేనిచో రొమ్ము నడుమ రెండు చేతుల మడమలు పెట్టి, రెండు అంగుళముల లోతు దిగునట్లు, నిమిషమునకు 100 నుండి 120 మారులు నొక్కుచుండవలెను. అలసినచో మరొకరు అందుకొనవలెను. వైద్య సహాయము వచ్చువరకు ఆపరాదు. దీనిని చదివి కాదు, ఒకసారి బొమ్మపై చేసి నేర్చుకొనవలెను.

ఆరవది, మూర్ఛ. చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టుట, నోటిలో చెంచా దూర్చుట వద్దు. ప్రక్కనున్న వస్తువులు తొలగించి, తలక్రింద మెత్తని గుడ్డ పెట్టి, కొట్టుకొనుట తగ్గగానే ప్రక్కకు త్రిప్పి పండబెట్టండి. ఐదు నిమిషములు దాటినచో 108 పిలువవలెను.

దెబ్బ తగులక ముందు

మందు కంటె జాగ్రత్త చౌక. బూడిద, బొగ్గు దుమ్ము పడు ఊరిలో కచేరీని పొడి చీపురుతో ఊడ్చినచో దుమ్ము గాలిలోనికి లేచి మన ఊపిరితిత్తులలోనికే పోవును. తడిగుడ్డతో తుడువవలెను. గుంట మగ్గములో నడుము పట్టుట మనకు తెలిసినదే. కంప్యూటరు ముందు కూర్చున్నవానికి కూడ అదే నడుము. అరగంట కొకసారి లేచి నాలుగడుగులు వేయవలెను. ఆడవారికి మరుగుదొడ్డి లేని ఆఫీసులో వారు నీళ్ళు త్రాగుట మానుకొందురు. వేసవిలో అది మూత్రపు జబ్బులను, వడదెబ్బను చేతులార పిలుచుటయే. కావున ఆఫీసు అద్దెకు తీసుకొనునప్పుడు మొదట అడుగవలసినది మరుగుదొడ్డి, నీరు. రాత్రంతయు మేలుకొనినవానిని తెల్లవారి మోటారు సైకిలు మీద పొరుగూరికి పంపరాదు. లారీలు తిరుగు ఈ రహదారి మీద కునుకు క్షమింపదు. చక్కెర జబ్బువారికి భోజనపు వేళ తప్పింపరాదు.

తాళపుచెవి ఎవరి వద్ద?

ఇక ఏర్పాటు. పెట్టెకు తాళము వేయకండి. పది ప్లాస్టర్లు పోవుననెడి భయముతో ఒక చేయి పోగొట్టుకొనుట వ్యాపారము కాదు. పెట్టెకు ఒక బాధ్యుడు, అతడు లేనప్పుడు మరొకరు, ఇద్దరి పేర్లను గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయండి. వారిలో ఒకరు స్త్రీ అయినచో మేలు. రెడ్‌క్రాస్ సొసైటీ, సెయింట్ జాన్ ఆంబులెన్స్ సంస్థలు ప్రథమ చికిత్స శిక్షణ ఇచ్చును. ఆ ఇద్దరిని పంపించండి. గోడమీదనే 108, 112 నంబర్లు, దగ్గరి ఆసుపత్రి ఫోను వ్రాయండి. రహదారి ప్రమాదములో తోటివానిని ఆసుపత్రికి చేర్చినచో పోలీసు చిక్కులు వచ్చునని జంకువారున్నారు. అట్లు సాయపడినవారికి 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము రక్షణ ఇచ్చినది. జంకనక్కర లేదు.

నోటు పుస్తకములో ప్రతి దెబ్బను వ్రాయండి: తేది, ఎవరికి, ఎట్లు తగిలినది, ఏమి చేసితిరి. ఒకే మెట్టు మీద ముగ్గురు జారినచో మందు మనిషికి కాదు, మెట్టుకు వేయవలెనని ఆ పుస్తకమే చెప్పును. అమావాస్యకు మగ్గము ఆపు అలవాటు మన ఇండ్లలో కలదు గదా. ఆనాడే పెట్టెను విప్పి, అయిపోయినవి, కాలము తీరినవి చూచి కొత్తవి పెట్టండి.

పార్టీ పనికి, ఎన్నికల పనికి మన పిల్లలను పిలువ వచ్చినవారిని, ఏ రంగు జెండావారైనను సరే, మూడు ప్రశ్నలు అడుగుదము. పెట్టె ఎక్కడ ఉన్నది? దాని బాధ్యుడు ఎవరు? దెబ్బ తగిలినచో ఆసుపత్రి ఖర్చు, పోయిన కూలి ఎవరు ఇత్తురు? జవాబు కాగితము మీద వ్రాసి ఇమ్మందము. అడుగుట అమర్యాద కాదు. నూలు తీసుకొనునప్పుడు లెక్క వ్రాయించుకొనువారము, చేతులను అప్పగించునప్పుడు ఊరకుందుమా?

కాని ఇతరులను అడుగుటకు ముందు మన సంఘపు ఆఫీసు గోడను చూచుకొనవలెను. అక్కడ పెట్టె ఉన్నదా? విప్పి చూచి ఎంతకాలమైనది? సభ్యులందరు వచ్చు సర్వసభ్య సమావేశములో ఈ ప్రశ్న లేవనెత్తి, ఇద్దరి పేర్లు వ్రాయించి, తాళము తీయింపుడని మనవి. ఆనాడు ఆ పెద్దమ్మ పమిట చెంగు అందినది. ప్రతిసారి అందునని నమ్మి కూర్చుండరాదు.